పద్యం మధ్యలో గొంతు ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆన్‌లైన్ క్లాసులో పద్యం రాగం తీసి చదివితే మధ్యమధ్య గొంతు వినిపించడం లేదంటున్నారు పిల్లలు. నోట్సు పంపితే పిచ్చిగీతలు కనిపిస్తున్నాయట. కొత్త మైకు కొనమంటారా?
– ఒక లెక్చరర్, తెనాలి

వద్దండీ. తెలుగు, సంగీతం మాస్టార్లు ఇదే ఫిర్యాదుతో రాస్తూనే ఉన్నారు. లోపం మైకుది కాదు, యాప్‌లో వెనక చప్పుళ్లను అణిచేసే నాయిస్ సప్రెషన్‌ది. దానికి మామూలు మాటలే గొంతు, ఒకే స్థాయిలో సాగేదంతా ఫ్యాను మోతే. సీసం చివర ఎత్తుగీతిలో మీరు తీసిన దీర్ఘాన్ని నిర్దాక్షిణ్యంగా తొక్కేస్తుంది. ఆఫీసు మీటింగులు తప్ప మరో లోకం తెలియనివాళ్లు తయారుచేస్తే ఇలాగే ఉంటుంది. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఎంచుకోండి. క్లాసు మొదలయ్యాక తెర పైభాగంలో దాన్ని మళ్లీ ఆన్ చేయాలి, చాలామంది తప్పేది అక్కడే. గూగుల్ మీట్‌లో అయితే ఆడియోలో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోకపోతే ప్రతిధ్వని వస్తుంది.

నోట్సు బహుశా డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. ఆ ఫాంటు లేని ఫోనులో వర్డ్ ఫైలు తెరిస్తే అంతే. ఏ ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చండి. తీరిక లేకుంటే పీడీఎఫ్ చేసి పంపండి. స్లయిడుకు ఒక్క పద్యమే, 32 పాయింట్లకు తగ్గకుండా. ప్రతిపదార్థం దాని పక్కన ఇరికించకండి, చూసేది చేతిలోని ఫోనులో.

మీరు అడగకపోయినా నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. చాలామంది మాస్టార్లు ఫోను నుంచి క్లాసు చెబుతూ మొత్తం తెర షేర్ చేస్తున్నారు. బ్యాంకు ఓటీపీ వస్తే అరవై మందీ చదువుతారు, రికార్డింగులోనూ ఉండిపోతుంది. ఆండ్రాయిడ్ 15 నుంచి షేరింగ్ సమయంలో ఓటీపీ నోటిఫికేషన్లను దాచే ఏర్పాటు ఉంది, పాత ఫోన్లకు ఆ రక్షణ లేదు. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టాకే షేర్ నొక్కండి. కంప్యూటరైతే ఒక్క విండో మాత్రమే చూపండి.

లింకు విషయమూ అంతే. పాస్‌కోడ్ ఉందిగా అని ధీమా పడతారు. జూమ్ ఆహ్వానం లింకులోనే సాధారణంగా ఆ పాస్‌కోడ్ ఇమిడి ఉంటుంది, వాట్సాప్‌లో అది చేతులు మారితే తాళంచెవీ చేతులు మారినట్టే. వెయిటింగ్ రూమ్ పెట్టి, రోల్ నంబరుతో వచ్చినవాళ్లనే లోపలికి రానివ్వండి. రికార్డింగుకు గూగుల్ డ్రైవ్‌లో 'ఎనీవన్ విత్ ద లింక్' తీసేసి 'రిస్ట్రిక్టెడ్' పెట్టండి, విద్యార్థుల మెయిల్ ఐడీలు మాత్రమే చేర్చండి. అందులో వాళ్ల ముఖాలూ పేర్లూ ఉన్నాయి. సెమిస్టర్ ముగిశాక ఆ ఫైళ్లు తీసేయండి.