హెల్పర్ మారిన ప్రతిసారీ మొదటికి రాకుండా ఉండాలంటే

మాటలు రాని మీ తమ్ముడికి ఏడాదిలో ముగ్గురు హెల్పర్లు మారారు, కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా తిండి మానేస్తున్నాడు, చివరికి అన్నీ అమ్మ మీదే పడుతున్నాయి అన్నారు కదండీ. మా అక్కకి కూడా మేమే మనుషుల్ని పెట్టుకుని చూసుకుంటున్నాం. ఈ గొడవ మాకూ తెలుసు.

అసలు చిక్కు మనిషి మారడం కాదు, తమ్ముడి సంగతులన్నీ అమ్మ తలలోనే ఉండటం. వాటిని కాగితం మీదకి తెండి. మూడు గళ్లు గీయండి: అతను ఏం చేస్తాడు, దానర్థం ఏమిటి, అప్పుడు మనం ఏం చేయాలి. మా అక్క చెవి రుద్దుకుంటే చప్పుడు ఎక్కువైందని అర్థం. అది తెలియని అమ్మాయి చెవిలో మందు చుక్కలు వేయబోయింది! మందుల పట్టిక మాత్రం వేరే కాగితం మీద, వేళలతో సహా రాయండి.

పాత మనిషి వెళ్లేముందు కొత్త మనిషితో నాలుగైదు రోజులు కలిపి పనిచేయించండి. ఆ రోజులకి ఇద్దరికీ జీతం ఇవ్వాలి, తప్పదు. వీలుంటే పనిగంటలు ఇద్దరికి పంచండి. ఒకరు మానేసినా తెలిసిన ముఖం ఒకటి మిగులుతుంది.

ఇంటర్వ్యూలో తమ్ముణ్ణీ కూర్చోబెట్టండి. దగ్గరికి జరుగుతాడా, మొహం తిప్పుకుంటాడా చూడండి. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం వికలాంగులకు ఉండాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 19వ అధికరణమే చెబుతోంది.

తిండి మానేయడం మాత్రం అలకే అని వదిలేయకండి. పళ్లు, గొంతు ఒకసారి డాక్టరుకి చూపించండి.