బీపీ, మెదడులో వాపు, మా నాన్న చిల్లర లెక్క

"బీపీ ఎక్కువైతే మెదడులో వాపు వస్తుందా, లేక ఆ వాపు వల్లే బీపీ పెరుగుతుందా?" అని అడిగారు. రెండూ నిజమే. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

అసలు ఈ 'వాపు' అనే మాట మీదే నాకు కోపం. మూడేళ్ల క్రితం మా నాన్నకి ఎమ్మారై తీయించాం. డాక్టరుగారు "బీపీ వల్ల మెదడులో సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయమ్మా, కొంచెం వాపు లాంటిది కూడా ఉంటుంది" అనగానే మా అమ్మ అక్కడే కూలబడింది. మెదడువాపు అంటే ఆవిడకి తెలిసింది దోమ కుట్టి పిల్లలకొచ్చే జ్వరం. ఇది అది కాదు. మెదడులో మైక్రోగ్లియా అని కావలి కణాలుంటాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ కారడం మొదలవుతుంది. అప్పుడా కావలివాళ్లు రేగిపోయి, దొంగ లేకపోయినా కర్రలు తిప్పుతుంటారు. దెబ్బలు ఇంట్లోవాళ్లకే, అంటే మెదడుకే.

మా నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. టికెట్ మిషన్లు రాకముందు సర్వీసు. ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంతో నోటిమీదే. టికెట్టు వెనక బాకీ చిల్లర రాసి, దిగేటప్పుడు అడగకుండానే ఇచ్చేవారు. అలాంటి మనిషి ఒకరోజు రైతుబజారులో ముప్పావు కిలో బెండకాయలు కొన్నారు. కిలో 48. వంద నోటిచ్చారు. ఆ అమ్మాయి 64 రూపాయలు చేతిలో పెట్టింది. ఆయన కదల్లేదు. అరచేతిలో నోట్లు మూడుసార్లు లెక్కపెట్టారు. వెనక నుంచి "జరగండి పెద్దాయనా" అంటున్నారు. చివరికి డబ్బు నా చేతిలో పెట్టి "నువ్వు చూడరా" అన్నారు. నన్ను లెక్క చూడమనడం నా జన్మలో అదే మొదటిసారి. సాయంత్రం చూస్తే బీపీ 184/106. ఐదు నెలలుగా మాత్రలు మానేశారని అప్పుడు బయటపడింది. ఎందుకయ్యా అంటే, తలనొప్పి లేదుగా అన్నారు.

తలనొప్పి లేకపోతే బీపీ లేదని ఎవరు చెప్పారో కానీ, వాళ్లని వెతికి పట్టుకోవాలి. అలాగే "బీపీ పై నంబరు వయసుకి వంద కలిపినంత ఉండొచ్చు" అనే మా బాబాయిని కూడా. అమెరికాలో యాభై దాటినవాళ్లు 9 వేల మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ పరీక్షలో, పై నంబరు 120 లోపు ఉంచాలని మందులిచ్చినవాళ్లలో, 140 లోపు చాలన్నవాళ్లలో కన్నా మతిమరుపు తొలిదశ తక్కువగా కనిపించింది. 2019లో వచ్చిన ఫలితం. బాబాయికి పంపాను. బదులుగా వెల్లుల్లి వీడియో పంపాడు.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం, వాపు వల్ల బీపీ పెరగడం. 2010లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు బీపీ పెంచిన ఎలుకల మెదడులోకి మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించి ఆ కావలి కణాలను చల్లబరిస్తే, బీపీ కూడా తగ్గింది. మినోసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన డైరెక్టరుగా ఉన్న లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో పుట్టింది. అలాగని బీపీకి యాంటీబయాటిక్ కొనుక్కునేరు, అది ఎలుకల సంగతి.

ఉప్పు సంగతి ఇంకా చిత్రం. 2018లో న్యూయార్క్‌లో ఎలుకలకు బాగా ఉప్పున్న మేత పెడితే, పేగుల్లో రోగనిరోధక కణాలు రేగి, మెదడుకి రక్తం తగ్గి, అవి దారులు మర్చిపోయాయి. బీపీ పెరగకుండానే! మామూలు మేత పెట్టాక కోలుకున్నాయి. ఇది చదివిన రోజు ఆవకాయ జాడీ అటక మీద పెట్టించాను. ఇంట్లో వారం రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకొక్కటి. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషిని కూర్చోనివ్వకుండా పట్టీ బిగించి, పక్కన కబుర్లు చెబుతూ తీసే బీపీ బీపీయే కాదు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చాలా చోట్ల ఆ ఐదు నిమిషాలకే కరువు.

నాన్న ఇప్పుడు బీపీ మాత్ర టెల్మిసార్టాన్ మానడం లేదు. బీపీ దిగాక ఆ వాపూ దిగిందనే నా నమ్మకం. డాక్టరుగారు మాత్రం ఆ మాటకి నవ్వి ఊరుకుంటారు. పోయిన ఆదివారం నేను తెచ్చిన చిల్లర చూసి 2 రూపాయలు తక్కువుందన్నారు. లెక్కపెట్టాను. తక్కువే.