వెయ్యి విజిటింగ్ కార్డులు పంచినా ఫోన్లు రాకపోతే

“చిన్న వ్యాపారం. వెయ్యి కార్డులు పంచాను, ఫోన్లో ఎనిమిది వందల నంబర్లున్నాయి. అయినా ఒక్కరూ ఫోన్ చేయరు. కార్డు డిజైన్ మార్చాలా?” అని ఒకరు అడిగారు. డిజైన్ కొంత మార్చొచ్చు గానీ, లోపం ఎక్కువగా ఆ ఎనిమిది వందల నంబర్లలోనే ఉంది. మీరిచ్చిన కార్డు ఎవరి డ్రాయర్లో పడుంటుందో మీకు తెలీదు. మీ చేతికొచ్చిన నంబర్‌తో ఏం చేయాలో మాత్రం మీ ఇష్టం.

ముందు కార్డు సంగతి. 90 మి.మీ. పొడవు, 54 మి.మీ. వెడల్పు చాలు. వెరైటీ కోసం పెద్దది చేయిస్తే పర్సులో పట్టదు. కాగితం 300–350 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత). చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్ గీత దాటి బయటికి సాగే రంగు అంచు) వదిలి, అక్షరాలను కటింగ్ గీతకు 4 మి.మీ. లోపల ఉంచండి. తెలుగు ఉంటే 9 పాయింట్లకు తగ్గొద్దు, ఒత్తులు పూడుకుపోతాయి. ఫాంట్లను కర్వ్స్‌లోకి (అంటే అక్షరాలను బొమ్మల్లా గీతలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, లేదంటే ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేక అక్షరాలు విడిపోతాయి.

వెనకవైపు లామినేషన్ వద్దు. నున్నటి కార్డు మీద బాల్‌పెన్ జారుతుంది, జెల్ పెన్ అలుక్కుపోతుంది. మామూలు కాగితంలా ఖాళీగా ఉంటే మాట్లాడుతూనే రేటో, డెలివరీ తేదీయో రాసివ్వొచ్చు. చేత్తో రాసిచ్చిన కార్డును పారేయడానికి మనసొప్పదు. క్యూఆర్ కోడ్ పెడితే 2 సెం.మీ.కు తగ్గకుండా, చుట్టూ తెల్ల జాగా వదిలి పెట్టండి. అడ్రస్, మెయిల్, వెబ్‌సైట్ అన్నీ అందులో కుక్కితే గడులు సన్నబడి స్కాన్ కాకపోవచ్చు. పేరు, నంబర్ చాలు. ఆర్డర్ ఇచ్చే ముందు అసలు సైజులో ఒకటి ప్రింట్ తీసి రెండు మూడు ఫోన్లతో చూసుకోండి.

ఇక లిస్టు. మీ ఫోన్లో “శ్రీను 2”, “శ్రీను కొత్త”, “శ్రీను ప్రింటర్” ఉండే ఉంటారు. ఆరు నెలలయ్యాక వాళ్లెవరో మీకే తెలీదు. ఒక షీట్ తెరిచి ఈ కాలమ్‌లు పెట్టండి: పేరు, చేసే పని, నంబర్, ఎవరి ద్వారా పరిచయం, ఏం అడిగారు, మళ్లీ ఎప్పుడు. చివరి రెండూ లేకపోతే అది ఉత్త టెలిఫోన్ డైరెక్టరీ. “ఏం అడిగారు” గడిలో “ఆసక్తి ఉంది” అని రాస్తే దండగ. “బాక్సులు 500, మూత మీద లోగో, శాంపిల్ 12న” అని రాయండి. ఆ రోజు రాత్రే ఎక్కించాలి. రెండ్రోజులాగితే కార్డు మిగులుతుంది, మాట పోతుంది.

ఎక్సెల్‌లో నంబర్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే మొదటి సున్నా ఎగిరిపోతుంది, కంట్రీ కోడ్‌తో కొట్టిన 12 అంకెల నంబర్ 9.19E+11 లాగా కనిపిస్తుంది. ఫోన్లోకి ఎక్కించడానికి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) ఎంచుకోకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మీ నంబర్‌ను సేవ్ చేసుకోని వాళ్లకు అది చేరదు, చేరలేదని మీకు కబురూ రాదు. అందుకే కలిసిన రోజే విడిగా మెసేజ్ పెట్టండి: ఎక్కడ కలిశారు, ఏం మాట్లాడుకున్నారు, సేవ్ చేసుకోమంటూ మీ కాంటాక్ట్. అడక్కుండా గ్రూపులో మాత్రం చేర్చొద్దు. విసిగి రిపోర్ట్ కొట్టేవాళ్లు ఎక్కువైతే మీ నంబరే బ్లాక్ అవుతుంది.

ఎనిమిది వందల మందినీ ఒకేసారి పట్టుకోకండి. కొనేవాళ్లు, మీ దగ్గరకు కస్టమర్లను పంపగలిగేవాళ్లు కలిపి ఓ నలభై మందిని ఏరండి, రోజుకు ఇద్దరితో మాట్లాడండి. రెండుసార్లు పలకరించినా ఉలుకూ పలుకూ లేనివాళ్ల “మళ్లీ ఎప్పుడు” గడి ఖాళీ చేసి వదిలేయండి. నంబర్ మాత్రం తీసేయొద్దు, ఏడాది తర్వాత వాళ్లే ఫోన్ చేస్తే పేరు పెట్టి పిలవాలి కదా.