కోడ్ రివ్యూలో కామెంట్లు పెట్టే బాట్: ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చిన ఈ పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మేము విశాఖపట్నం ఉక్కునగరంలో ఉంటాము. నేను ప్లాంటులో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం పూర్తిచేసి, రుషికొండలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. తోటివారికి యాప్‌లు తయారుచేసే పని ఇచ్చి, తనకు మాత్రం బిల్డ్ పైప్‌లైన్ నుంచి కోడ్ రివ్యూలో కామెంట్లు వాటంతటవే పడేలా చేసే పని అప్పగించారు. దీనివల్ల ఉద్యోగం వస్తుందా, లేక ఇది మానేసి ఏఐ కోర్సులో చేరమంటారా?

జవాబు: అమ్మాయి చేత ఆ పని మాన్పించకండి. బయటికి కనిపించే యాప్ కాదు కనుక మీకు అది చిన్నదిగా అనిపించి ఉండవచ్చు గాని, మూడో సంవత్సరం విద్యార్థికి ఇంతకంటే ఎక్కువ నేర్పే పని దొరకడం కష్టమని నా అభిప్రాయం.

ఒక ఇంజనీరు కోడ్‌లో మార్పు చేసినప్పుడు, దాన్ని అసలు కోడ్‌లో కలిపే ముందు సహోద్యోగుల పరిశీలనకు పంపుతారు. కోడ్‌ను ఉంచి పంచుకునే వేదికల్లో ఒకటైన గిట్‌హబ్‌లో దీన్ని పుల్ రిక్వెస్ట్ అనీ, మరొకటైన గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్ అనీ అంటారు. ఆ సమయంలోనే జెంకిన్స్ గాని, గిట్‌హబ్ యాక్షన్స్ గాని, ఇటువంటి పనులను వాటంతటవే జరిపించే సాధనాలు, ఆ కోడ్‌ను బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రాముగా మార్చి), టెస్టులు నడిపి, లోపాలను వెతుకుతాయి. ఈ పనుల వరుసనే బిల్డ్ పైప్‌లైన్ అంటారు. ఫలితమంతా వేల వరుసల లాగ్‌లో (పని నడిచిన తీరు నమోదయ్యే ఫైలులో) ఎక్కడో ఉండిపోతుంది. దాన్ని అక్కడి నుంచి తీసి, రివ్యూ చేసేవారి కళ్ల ముందు, తప్పు ఉన్న వరుస పక్కనే పెట్టడమే మీ అమ్మాయి చేస్తున్న పని. అలా తనంతట తానే కామెంటు పెట్టే ప్రోగ్రామునే బాట్ అంటారు.

దీని విలువ ఎంతో ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2019లో ప్రచురించిన వ్యాసం చూపుతుంది. ఇన్ఫర్ అనే లోపాలు పట్టే సాధనాన్ని వారు మొదట రాత్రిపూట నడిపి, ఫలితాలను జాబితాగా ఇచ్చినప్పుడు వాటిని సరిదిద్దినవారు దాదాపు లేరు. అవే ఫలితాలను రివ్యూ సమయంలో కామెంట్లుగా చూపినప్పుడు 70 శాతానికి పైగా సరిదిద్దారు. సాధనం మారలేదు, చెప్పిన చోటూ సమయమూ మారాయి.

అయితే కామెంటు పెట్టించడం వరకైతే ఒకటి రెండు రోజుల్లో ఎవరైనా నేర్చుకోగలరు. ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్న నిర్ణయంలోనే ఇంజనీరు తెలుస్తారు. అక్కరకు రాకపోయినా పదే పదే మోగే అలారాన్ని కంట్రోల్ రూములో కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరని ప్లాంటులో పనిచేసే మీకు నేను చెప్పనక్కరలేదు. బాట్ విషయంలోనూ అదే జరుగుతుంది. గూగుల్ సంస్థ ట్రైకార్డర్ అనే తన వ్యవస్థ గురించి 2015లో ప్రచురించిన పత్రంలో, డెవలపర్లు పనికిరానివిగా భావించే హెచ్చరికలు 10 శాతం లోపే ఉండాలన్న నియమం కనిపిస్తుంది. సాంకేతికంగా సరైన హెచ్చరికే అయినా, చదివినవారికి ఉపయోగపడకపోతే అది తప్పు లెక్కలోకే వస్తుంది.

మీ అమ్మాయి బాట్ పెట్టే కామెంటును ఒకసారి చూపించమనండి. “కోడ్ నాణ్యత పరీక్ష విఫలమైంది, లాగ్ చూడండి” అని ఉంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. “ఈ వరుసలో తెరిచిన డేటాబేస్ కనెక్షన్, మధ్యలో ఎర్రర్ వస్తే మూతపడదు, ఫైనల్లీ బ్లాకులో మూసివేయండి” అని ఉంటే (ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే కోడ్ భాగమే ఫైనల్లీ బ్లాకు), చదివినవారు మరో చోట వెతకకుండా వెంటనే సరిచేయగలరు. అలాగే, కోడ్‌ను మళ్లీ పుష్ చేసిన (సవరించి పంపిన) ప్రతిసారీ కొత్త కామెంటు చేరకుండా, మొదటి కామెంటులో కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంచి, దాన్ని వెతికి అదే కామెంటును సవరించేలా రాయాలి. పుల్ రిక్వెస్ట్ చూపే మార్పుల్లోనూ వాటి చుట్టుపక్కలా లేని వరుసల మీద బాట్ కామెంటు పెట్టబోతే గిట్‌హబ్ దాన్ని తిరస్కరించవచ్చు కనుక, అటువంటి ఫలితాలను కలిపి ఒకే సారాంశంగా ఇవ్వడం మంచిది.

ఇక అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవలసింది అనుమతుల విషయం. కామెంటు రాయాలంటే బాట్‌కు రాసే హక్కు గల టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి డిజిటల్ అనుమతి) ఉండాలి. బయటివారు తమ ఫోర్క్ (అసలు కోడ్‌కు తాము చేసుకున్న నకలు) నుంచి పంపే పుల్ రిక్వెస్టులకు గిట్‌హబ్ యాక్షన్స్ మామూలుగా చదివే హక్కు మాత్రమే ఇస్తుంది, అందువల్ల అక్కడ బాట్ ఆగిపోతుంది. అప్పుడు చాలామంది తొందరపడి పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే మరో ట్రిగ్గర్‌కు (వర్క్‌ఫ్లోను, అంటే పనుల వరుసను, మొదలుపెట్టే సంకేతానికి) మారి, రాసే హక్కూ రహస్య కీలూ (పాస్‌వర్డ్‌ల వంటివి) అందుబాటులో ఉన్న చోటే ఆ అపరిచిత కోడ్‌ను నడుపుతారు. దానితో ఆ కీలు బయటికి పోయే ప్రమాదం ఉంది. టెస్టులను రాసే హక్కూ రహస్య కీలూ లేని వర్క్‌ఫ్లోలో నడిపి, ఫలితాన్ని ఫైలుగా దాచి, వేరొక వర్క్‌ఫ్లో ఆ ఫైలును కూడా పూర్తిగా నమ్మకుండా సరిచూసి కామెంటు పెట్టడమే క్షేమకరమైన పద్ధతి. ఈ సంగతిని ఇంటర్వ్యూలో కారణాలతో వివరించగలిగిన ఫ్రెషర్‌ను ఎవరూ తేలికగా తీసుకోరు.

ఉద్యోగం సంగతికి వస్తే, ఈ అనుభవం బిల్డ్ అండ్ రిలీజ్, డెవాప్స్, ప్లాట్‌ఫామ్ ఇంజనీరింగ్ పనులకు (కోడ్‌ను తయారుచేసి, విడుదల చేసి, నడిపించే ఏర్పాట్లు చూసే పనులకు) నేరుగా ఉపయోగపడుతుంది. ఈ పోస్టులకు చాలా సంస్థలు అనుభవం అడుగుతాయి కనుక, మొదట డెవలపర్‌గానో టెస్టింగ్‌లోనో చేరి, ఆ తరువాత ఇటు రావలసి ఉండవచ్చు. అందుకు ఇప్పటినుంచే సిద్ధపడాలి. పైథాన్, గిట్, లినక్స్ షెల్, ఏపీఐల (ఒక ప్రోగ్రాము మరొకదానితో మాట్లాడే మార్గాల) వాడకం బాగా పట్టుబడితే ఏ దారిలోనైనా నష్టం లేదు.

ఏఐ కోర్సుకు ఇప్పుడు ఫీజు కట్టవద్దు. ఏఐతో రివ్యూ చేయించే సాధనాలు కూడా చివరికి ఇదే దారిలో, ఇటువంటి టోకెన్‌తోనే, ఇదే పుల్ రిక్వెస్ట్ మీద కామెంట్లు పెడతాయి. ఆ కామెంట్లలో ఏది ఉంచాలో ఏది వడకట్టాలో తేల్చగలవారి అవసరం వాటివల్ల పెరుగుతుంది. ఆసక్తి ఉంటే ఇంటర్న్‌షిప్ ముగిశాక ఆలోచించవచ్చు. ఈలోగా బాట్ పెట్టిన కామెంట్లలో ఎన్నిటిని డెవలపర్లు సరిదిద్దారు, ఎన్నిటిని వదిలేశారు అన్న లెక్కను అమ్మాయి వారం వారం రాసి పెట్టుకోవాలి. సంస్థ అనుమతి తీసుకుని, ఆ లెక్కనూ దాన్నిబట్టి బాట్‌లో చేసిన మార్పులనూ రెజ్యూమెలో రెండు వాక్యాల్లో చేర్చమని చెప్పండి.