పన్నెండో పేజీ నుంచి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. డైరీ కొనుక్కుని 11 రోజులు రాశావనీ, ఆ తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయనీ, వాటిని చూసినప్పుడల్లా తప్పు చేసినట్టుందనీ రాశావు. ‘నలభై ఏళ్లుగా రాస్తున్నావు కదా పెద్దమ్మా, ఎలా రాయాలో చెప్పు’ అన్నావు. ఇన్నేళ్లలో ఈ మాట నన్నడిగింది నువ్వొక్కదానివే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ తెల్ల పేజీల సంగతి. పన్నెండో పేజీ తెరిచి, అచ్చు వేసిన తేదీని కొట్టేసి, పైన ఇవాళ్టి తేదీ వెయ్యి. మానేసిన రోజులను గుర్తు చేసుకుని నింపాలని చూడకు. వచ్చే ఏడాది మాత్రం తేదీలు లేని మామూలు నోటు పుస్తకం కొనుక్కో. అందులో ఖాళీలు మిగలవు, నిన్నటి కింద ఇవాళ వస్తుంది.

ఇక మనుషుల గురించి ఎలా రాయాలన్నావే, నాకు చెప్పాలని ఉన్నదంతా అక్కడే ఉంది. తీర్పు రాయకు తల్లీ. చూసింది, విన్నది రాయి.

నా పాత పుస్తకంలో ఒక పేజీ ఉంది. ‘ఆయనకి నా మాటంటే లెక్క లేదు. ఎప్పుడూ ఇంతే.’ కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ రోజు మీ పెదనాన్న ఏమన్నారో, అసలేం జరిగిందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. కోపం మాత్రం కాగితం మీద ఎండిపోయి ఉంది. ఆ పేజీ నాకు ఆయన గురించి ఏమీ చెప్పదు, నా గురించీ చెప్పదు.

అదే పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత మీ అమ్మ గురించి ఇలా ఉంది: ‘సాయంత్రం చెల్లి ఫోను చేసింది. నేను మాట్లాడుతుంటే ఊఁ అంటూ వింది. వెనక రేడియో వినిపించలేదు. ఎప్పుడూ పాడుతూనే ఉంటుంది. ఉంటాను మరి అన్నాను. సరే అని వెంటనే పెట్టేసింది.’ నిజానికి ఆ సాయంత్రం నాకు మీ అమ్మ మీద బాగా కోపం వచ్చింది, తనే ఫోను చేసి తనే మాట్లాడదేమిటని. కోపమంతా రాసే ఓపిక లేక, చెవిన పడ్డవి నాలుగు ముక్కలు రాసి పడుకున్నాను.

ఆరేళ్ల తర్వాత ఏదో మాటల్లో మీ అమ్మ చెప్పింది. ఆ వారంలోనే డాక్టరు తనకి ఏవో పరీక్షలు రాశారట. ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదనుకుందట. దేవుడి దయ వల్ల అందులో ఏమీ లేదని తేలింది, అది వేరే సంగతి. ఇంటికి వచ్చి ఆ పుస్తకం వెతికి తీశాను. రేడియో ఆపేసి, నాకు చెప్పాలని ఫోను చేసి, చెప్పలేకపోయిన మీ అమ్మ ఆ ఆరు వాక్యాల్లో కూర్చుని ఉంది. ‘చెల్లి మారిపోయింది’ అని రాసి ఊరుకుని ఉంటే ఆ సాయంత్రం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకే చెబుతున్నాను. నీ స్నేహితురాలి గురించి ‘ఆమెకి అంతా తన లాభమే’ అని రాశానన్నావు కదా, ఆ వాక్యాన్ని కొట్టెయ్యకు. దాని కింద ఆమె ఏమన్నదో ఆమె మాటల్లోనే రాసిపెట్టు. ఆ సమయంలో ఏం చేస్తోంది, ఎటు చూస్తోంది, నువ్వేం జవాబిచ్చావు అన్నవీ రాయి. ముఖ్యంగా నీ జవాబు. కోపంలో రాసిన పేజీల్లో ఎదుటివాళ్లు అన్న మాటలు పొల్లుపోకుండా ఉంటాయి, మనం అన్నవి మాత్రం ఎక్కడా కనిపించవు. నా పుస్తకాలు నేనే తిరగేసుకున్నప్పుడు ఇది చూసి చాలా బాధపడ్డాను.

మనసులో అనిపించింది రాయొద్దని కాదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తాము పడ్డ బాధల గురించి రాయించారు. జరిగిందీ, అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు, మామూలు సంగతులు రాసినవాళ్ల కన్నా తక్కువసార్లు వైద్యుడి దగ్గరికి వెళ్లారు. కాబట్టి ఏడుస్తూ రాసిన రాత్రి నీకు తేలిక అనిపించకపోతే, రాయడమే పొరపాటయిందనుకోకు. ఒకే బాధ నెలల తరబడి అవే మాటల్లో వస్తుంటే మాత్రం పుస్తకం మూసి, నమ్మిన మనిషితో మాట్లాడు. కాగితం వింటుంది గానీ తిరిగి అడగదు.

అలవాటు ఎన్నాళ్లకి కుదురుతుందన్నావు. 21 రోజులని అందరూ అంటారు, నమ్మకు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. కొందరికి 18 రోజులు చాలతాయనీ, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చనీ లెక్క తేలింది. నడిమి సంఖ్య 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే ఉంది. వాళ్లంతా కొత్త పనిని రోజూ చేసే మరో పనికి ముడివేసుకున్నవాళ్లు. నువ్వూ అలాగే చెయ్యి. ‘రాత్రి పది గంటలకి’ అనుకుంటే పది దాటగానే ఆ రోజుకి వదిలేస్తావు. ‘పళ్లు తోముకుని మంచం మీద కూర్చోగానే’ అనుకో. పుస్తకం, పెన్ను దిండు పక్కనే ఉండాలి. లేచి వెతుక్కోవలసి వస్తే అయిపోయినట్టే. నాకు ఒంట్లో బాగాలేని రోజుల్లో తేదీ, ఒక్క వాక్యం రాసి పడుకునేదాన్ని. ఆ ఒంటి వాక్యాల పేజీలంటే నాకు ఇప్పుడు ఎంతో ఇష్టం.

బొమ్మలు గీయడం మొదలుపెట్టావని చదివి ఎంత సంతోషించానో! దాని గురించి ‘ఇవాళ గంటసేపు గీశాను’ అని రాస్తే నీకేమీ మిగలదు. ఎక్కడ ఆగిపోయావో రాయి. చెయ్యి గీస్తుంటే బొటనవేలు పొడుగవుతోందన్నావే, అది రాయి. వేళ్లను విడివిడిగా కాకుండా వాటి మధ్య ఖాళీలను చూసి గీస్తే కుదురుతుందేమో, రేపు అలా ప్రయత్నించాలి అని రాయి. మర్నాడు కాగితం ముందు కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఇష్టంతో మొదలుపెట్టిన పనులు చాలామటుకు బద్ధకం వల్ల ఆగవు. ఎక్కడ విడిచిపెట్టామో తెలియక ఆగుతాయి. నా వయొలిన్ అలాగే ఆగిపోయింది. ఆ దిగులు నాకింకా ఉంది.

ఎవరైనా చదువుతారేమోనని భయంగా ఉందన్నావు. డైరీతోనే పేరుపొందిన ఇంగ్లండు ఉద్యోగి శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 దాకా తన డైరీని సంక్షిప్తలిపిలో (షార్ట్‌హ్యాండ్) రాసుకున్నాడు. నీకు అంత అవసరం లేదు. సొరుగులో పెట్టుకో, ఇంట్లోవాళ్లకి ‘ఇది నాది’ అని ఒక్కసారి చెప్పు. ఇతరులు నమ్మి చెప్పిన రహస్యాలు మాత్రం పేర్లతో రాయకు. అవి నీవి కావు.

అన్నట్టు, ఆ పీప్స్ డైరీ మానేసింది రాసి రాసి చూపు పోతుందన్న భయంతో. 1703లో కన్నుమూసేదాకా చూపు పోనేలేదు. నీ కళ్లు కూడా నొప్పి పెడుతున్నాయన్నావు, మంచం దగ్గర దీపం మార్చి చూడు. అప్పటికీ తగ్గకపోతే కంటి డాక్టరుకి చూపించుకో.

వచ్చే ఉత్తరంలో ఆ బొటనవేలు కుదిరిందో లేదో రాయి. కుదరకపోయినా బొమ్మ పంపు.

నీ
పెద్దమ్మ