పాత పికప్ క్యాబిన్‌లోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

సందేహం: మాది విజయనగరం. హ్యూస్టన్ వచ్చి ఏడాది దాటింది. ఇరవై ఏళ్ల పాత పికప్ ట్రక్ చవగ్గా దొరికితే కొన్నాను. వాన పడిన మర్నాడల్లా పక్క సీటు ముందు కార్పెట్ తడిసి ఉంటోంది, లోపలంతా ముక్కిన వాసన. షాపులో చూపిస్తే లీక్ వెతకడానికే గంటల లెక్కన తీసుకుంటామన్నారు. నాన్నగారు ముందు అద్దం చుట్టూ సిలికాన్ కొట్టెయ్యమంటున్నారు. కొట్టెయ్యనా?

తమ్ముడూ, వద్దు. సిలికాన్ ట్యూబు కొనుంటే మూత తియ్యకుండా పక్కన పెట్టు. సెలవు మీద ఊరొచ్చాను కదా, మొన్న విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ దగ్గర మీ నాన్నగారు కనిపించారు. "ఏటి బాబూ, అంత పెద్ద ఊళ్లో లీకు కట్టేవోడే లేడేటి?" అన్నారు. ఆయన నడిపిన రోజుల్లో లారీ అద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చునేది. కారితే కారేచోటు కంటికి కనపడేది, ఏదో ఒకటి పూసేస్తే నాలుగు వానలు గట్టెక్కేవి. నీ బండి అద్దాన్ని యూరిథేన్ జిగురుతో బాడీకే అతికిస్తారు. దాని మీద సిలికాన్ రాస్తే, రేపు అద్దం నిజంగానే తీసి పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ జిడ్డు మీద యూరిథేన్ పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే ఇనుముకి తుప్పు కూడా తెస్తుంది. అసలు లీక్ అద్దం దగ్గరే అని ఎవరు చెప్పారు?

పెంకుటింట్లో పెంకు పగిలినచోటే చుక్క పడదు, వాసం వెంట జారి ఏ వంటింట్లోనో పడుతుంది. క్యాబిన్ కూడా అంతే. తడి కనిపించేది నీళ్లు ఆగినచోటు, దూరినచోటు కాదు. బండి ముక్కు పల్లానికి పెట్టి పార్క్ చేస్తే వెనకనుంచి దూరిన నీళ్లు కూడా ముందుకే వస్తాయి.

ముందు అవి ఏ నీళ్లో తేల్చుకో. వాన లేని రోజు ఏసీ గంటసేపు వేసి బండి కిందకి చూడు. హ్యూస్టన్ ఉక్కకి పక్క సీటు వైపు, ఇంజిన్ వెనకాల ఉండే చిన్న గొట్టంలోంచి నీళ్లు బాగా కారాలి. కింద నేల పొడిగా ఉండి లోపల కార్పెట్ తడిస్తే ఆ గొట్టం పూడుకుపోయిందన్నమాట. శుభ్రం చేసుకుంటే అయిపోతుంది. తడి కాస్త జిగటగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపలివైపు జిడ్డుపొర కడుతుంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. డాష్‌బోర్డు వెనకాల వెచ్చగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, హీటర్ కోర్ అంటారు, అది కారుతోందన్నమాట. అది మాత్రం ఆలస్యం చెయ్యకుండా షాపుకి తీసుకెళ్లు, కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఈ రెండూ కాకపోతే వాన నీళ్లే.

ఇప్పుడు కార్పెట్ ఎత్తు. పైన చెయ్యి పెట్టి ఆరిందనుకోకు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీ పైకి లాగితే క్లిప్పులు ఊడొస్తాయి, దాని కిందనుంచి కార్పెట్ లేస్తుంది. చాలా పాత బళ్లలో దాని కింద జనపనార మెత్త ఉంటుంది. జూట్ మిల్లుల ఊళ్లో పుట్టినవాడివి, తడిసిన జనపనార ఎన్నాళ్లకి ఆరుతుందో నీకు చెప్పాలా! పిడికిట పట్టి పిండితే నీళ్లు కారతాయి, కింద నేలరేకు మీద అప్పటికే ఎర్రటి పొడి ఉంటుంది. సీటు విప్పాల్సి వస్తే మాత్రం ముందు బ్యాటరీ తీసి కాసేపు ఆగు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ వైరు, దాంతో ఆటలొద్దు.

ఆ పని చేస్తూనే ఇంకోటి చూడు. సీటు బోల్టులు, సీటు బెల్టు బిగించినచోటు, డాష్‌బోర్డు లోపలి మూలలు అన్నిచోట్లా ఒకే ఎత్తు దాకా ఒండ్రు చార కనిపిస్తే అది లీక్ కాదు, బండి వరదలో నానిందన్నమాట. 2017లో హరికేన్ హార్వీ తర్వాత హ్యూస్టన్ చుట్టుపక్కల నీట మునిగిన బళ్లు లెక్కలేనన్ని. కొత్తగా వచ్చి పాత బండి కొనేవాళ్లు కొనకముందే విన్ నంబర్ (ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబర్) కొట్టి చూసుకోవాలి, ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే ఎన్ఐసీబీ సంస్థ సైట్‌లో సాల్వేజ్ (ఇన్సూరెన్స్ కంపెనీ బాగుచేయించడం దండగని తేల్చిన బండి), దొంగతనం వివరాలు ఉచితంగానే చూపిస్తారు. అయితే ఇన్సూరెన్స్ దాకా వెళ్లని బండి అందులో కనపడకపోవచ్చు, అందుకే ఒండ్రు చార కూడా చూసుకోమంటున్నాను.

ఇక దారులు. పక్క సీటు ముందు తడికి నేను మొదట అనుమానించేది వైపర్ల కింద ఉండే నల్ల జాలీ. దాని కింద కాలవలాంటి చోట ఎండుటాకులు పేరుకుంటే నీళ్లు పక్కలకి పోయే దారి లేక, హీటర్ గాలి లోపలికొచ్చే కంతలోంచి క్యాబిన్‌లోకి దిగుతాయి. జాలీ తీసి ఆకులు ఎత్తేసి నీళ్లు పోసి చూడు, చక్రం వెనకనుంచి బయటికి పోవాలి.

రెండోది డోర్. చాలామంది నమ్మరుగానీ, డోర్ లోపలికి నీళ్లు రావడం మామూలే. అద్దం పక్కనుంచి దిగి, డోర్ అడుగున ఉన్న కంతల్లోంచి పోవాలి. అవి క్యాబిన్‌లోకి రాకుండా డోర్ ప్యానెల్ వెనకాల ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. స్పీకర్లు మార్చినవాడు ఆ షీటు చింపి అలాగే వదిలేస్తాడు. సెకండ్‌హ్యాండ్ బండిలో స్పీకర్లు మాత్రం కొత్తవి ఉంటే నేను ముందు ఆ ప్యానెలే విప్పుతాను. చిరుగు పెద్దదైతే కొత్త షీటు వెయ్యి, అంచుల చుట్టూ బ్యూటైల్ టేప్‌తో (జిగట రబ్బరు పట్టీ) ఒత్తి అతికించు. అడుగు కంతలు పుల్లతో పొడిచి శుభ్రం చెయ్యి.

వెనక సీటు తడిస్తే మూడో బ్రేక్ లైట్ చూడు. పికప్‌లకి అది పాత జబ్బు. క్యాబిన్ వెనక పైనుండే ఆ లైటు గాస్కెట్ (చుట్టూ ఉండే సీలు) ఎండకి బిరుసెక్కి సందు ఇస్తుంది, నీళ్లు లోపలి లైనింగ్ వెనకనుంచి చప్పుడు లేకుండా కిందకి దిగుతాయి. స్క్రూలు విప్పి, పాత జిగురు గీకి, కొత్త గాస్కెట్ వేస్తే సరి. జరిగే వెనక అద్దం, పైకప్పు లైట్లు, యాంటెన్నా బిగించినచోటు, ఇంజిన్ వైపునుంచి వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్లు కూడా వదలకు.

పట్టుకోవడం ఎలాగంటే, లోపల రూమ్మేట్‌ని టార్చ్‌తో కూర్చోబెట్టి, కార్పెట్ ఎత్తిన చోట పొడి న్యూస్‌పేపర్ పరిచి, బయటనుంచి సన్నగా నీళ్లు పొయ్యి. కిందనుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి పోస్తే అన్నీ తడిసి ఏది కారిందో తేలదు. ఒక్కోచోట తొందరపడకుండా కాసేపు పొయ్యి, పేపరు ఎక్కడ తడుస్తుందో చూసి మార్కర్‌తో గీత పెట్టుకో. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పైపు పెట్టనివ్వరు, కార్‌వాష్ ప్రెషర్ గన్ వానకి దూరనిచోట కూడా దూరుస్తుంది. ఖాళీ పాల గ్యాలన్ క్యాన్ మూతకి కంతలు పెడితే సరిపోతుంది. డోర్ రబ్బరు అనుమానమైతే డాలర్ నోటు మధ్యలో పెట్టి డోర్ వేసి లాగు. సులువుగా జారొస్తే అక్కడ రబ్బరు ఒత్తడం లేదు.

లీక్ కట్టాక ఆరబెట్టడంలో బద్ధకించకు. హ్యూస్టన్ గాలికి కిటికీలు తెరిచిపెట్టినా మెత్త ఆరదు. వెట్ వ్యాక్‌తో (నీళ్లు కూడా లాగే వ్యాక్యూమ్) పీల్చి, ఫ్యాను పెట్టి ఆరబెట్టు. బూజు పట్టినదైతే పారేసి కొత్త మెత్త వేసుకో. తుప్పు పైపైన ఉంటే గీకి ప్రైమర్ వెయ్యి. స్క్రూడ్రైవర్ నొక్కితే రేకు లోపలికి దిగేలా ఉంటే మాత్రం వెల్డింగ్ ఖర్చు బండి ధరకి ఎంత దగ్గరో చూసుకుని ముందుకెళ్లు.

చివరికి అద్దమే అని తేలితే గ్లాస్ షాపుకే ఇవ్వు, అది ఇంట్లో చేసే పని కాదు. వాడకంలో పోయిన సీలుకి ఇన్సూరెన్స్ మామూలుగా ఇవ్వదు కాబట్టి డబ్బు చేతిలోంచే పోతుంది. బుక్ చేసేటప్పుడే అడుగు: అద్దం కూర్చునే అంచున తుప్పు ఉంటే తీసి ప్రైమర్ వేసి అతికిస్తారా అని. ఆ మాటకి నసిగే షాపుకి బండి ఇవ్వకు.