ఇంటి అడ్రసు మార్చు తల్లీ

చిట్టితల్లీ,

అమ్మకి మోకాలి ఆపరేషన్ కదా, వచ్చే నెల నుంచి గుంటూరులోనే ఉండి ఆఫీసు పని చేసుకుంటావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. బ్రాడీపేటలో మీ ఇంటి రౌటర్ పెట్టింది నేనే. నెట్‌వర్క్‌లో దాని అడ్రసు 192.168.1.1. మీ ఆఫీసు సర్వర్లు కూడా 192.168.1 లోనే ఉన్నాయని సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే అన్నావు.

10తో మొదలయ్యే అడ్రసులు, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి, 192.168వి. ఈ మూడు గుంపులనీ ఎవరైనా తమ నెట్‌వర్క్ లోపల వాడుకోవచ్చని 1996లోనే రాసిపెట్టారు. అందుకే ఒకే అడ్రసు వేల ఇళ్లలో ఉంటుంది, వీధికో రామాలయం ఉన్నట్టు. రామాలయం దగ్గరికి రమ్మంటే మీ వీధిలోదానికే పోతావు కదా. కంప్యూటరూ అంతే. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి వేసే వీపీఎన్ కలిసే ఉన్నా, ఆ అడ్రసు ఇంట్లోదే అనుకుని ఇంట్లోనే వెతుక్కుంటుంది.

నాకు జరిగింది చెబుతాను. నెలాఖరు రాత్రి, సత్యనారాయణపురం ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసుకి వీపీఎన్ కలిపాను. జీతాల సర్వర్ 192.168.1.10. ఎంతకీ తెరుచుకోదు. పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని ఆ అడ్రసుని పిలిస్తే మాత్రం ఒక్క మిల్లీసెకనులో జవాబు. సర్వర్ లోపలే ఏదో ఇరుక్కుందనుకుని నైట్ డ్యూటీ కుర్రాడికి ఫోన్ చేసి పవర్ తీసి పెట్టమన్నాను. "సార్, ఇక్కడ బాగానే నడుస్తోంది, జీతాల పని సగంలో ఉంది" అన్నాడు. కసిరాను. పాపం, తీశాడు. ఫైలు పాడైంది, జీతాలు మూడు రోజులు ఆలస్యమయ్యాయి. చీవాట్లన్నీ ఆ కుర్రాడికే.

తెల్లారి మా ప్రింటర్ వైరు పీకితే పింగ్ ఆగింది. రాత్రంతా జవాబిచ్చింది ఇంట్లో అదే అడ్రసుతో నా పక్కనున్న ఆ ప్రింటరే! హైదరాబాద్ దాకా ఫైబర్‌లో వెలుగు వెళ్లి రావడానికే రెండు మిల్లీసెకన్లకు పైన పడుతుంది. ఒక్క మిల్లీసెకను అన్న అంకె కళ్ల ముందే ఉన్నా చూడలేదు. మేనేజరుకి నిజం చెప్పాను, కానీ వారం తర్వాత. అప్పటికే ఆ కుర్రాడు మానేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ మనసు కుదుటపడదమ్మా.

అందుకే, అక్కడున్న మనిషి "బాగానే ఉంది" అంటే నమ్ము. ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్ మీద కలిపి చూడు. అక్కడ తెరుచుకుంటే గొడవ ఇంటి నెట్‌వర్క్‌దే.

ఆఫీసులో ఏ అడ్రసులు వాడుతున్నారో ముందే అడుగు. అడగడానికి మొహమాటపడతావు, నాకు తెలుసు. మొహమాటపడకు. వాళ్లు వాడనిది చూసి రౌటర్ పేజీలో 192.168.87.1 లాంటిది పెట్టు, ఇంట్లోని పరికరాలకి రౌటర్ తనంతట తాను పంచే అడ్రసుల అంకెలు (డీహెచ్‌సీపీ) కూడా దానికి తగ్గట్టు మార్చు. నెట్‌కి కలిసే పరికరాలన్నీ ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. నీ ల్యాప్‌టాప్‌లో డాకర్ (ప్రోగ్రాములని విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే, అది మామూలుగా 172.17 తీసుకుంటుంది, అదీ చూసుకో.

మీ నాన్న కెమెరాల డబ్బాకి అడ్రసు చేత్తో పెట్టాను. రౌటర్ మారిస్తే అది కనిపించదు, వాడు దొంగలు పడ్డారని టెన్షన్ పడతాడు. ముందే చెప్పు. కొత్త అడ్రసు కాగితం మీద రాసి రౌటర్ కింద అంటించు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. మార్చేటప్పుడు పక్కనే ఉంటాను. అమ్మని మెట్లెక్కనివ్వకు.

మీ పెదనాన్న